జర పైలం

చండూరు సెంటర్ల, జిరాక్సు పక్కపొంటి
ఇరుకు మడిగెల నా కొలువు.
గోడకు నేనే రాసి అతికిచ్చిన కాయితం:
ఈడ ఛాయ్ తాగొద్దు, సీసలు పెట్టొద్దు.
చదివేటోళ్ళు చదువుతనే ఉంటరు,
ఒలకబోసేటోళ్ళు ఒలకబోస్తనే ఉంటరు.

ఏడేండ్ల సంది ఈ కీబోర్డు మీద
ఏమేం పడలె!
కులం సర్టిఫికెట్టుకొచ్చిన పోరని మామిడి రసం,
ఎండకాలం చెరుకు పాలు,
ఎవలిదో సద్దిగిన్నెల పచ్చిపులుసు,
మొగులు పగిలిన రాత్రి
రేకుల సందులకెల్లి వాన.

నీళ్ళయితె నయం, ఆరితె మర్సిపోతయి.
ఛాయే పగ వట్టేది.
చక్కెర సందులల్లకు జారి, పాకమై,
మీటను కిందికి గుంజి పట్టుకుంటది.
ఒక్కపారి ఒత్తితె
కకకకక అని
తెర మీద కాకులు వాలుతయి.

మొదటిపారి మా ఓనరు
నాలుగు వందల యాభై జీతంల కోసిండు.
గప్పటి సంది నేర్సుకున్న.
బడి పుస్తకాలకేసే ప్లాస్టిక్ కవరు తెచ్చి
కత్తిరించి, అంచులకు టేపేసి కప్పిన.
చెమటకు వేళ్ళకతుక్కుంటది గని
దాని కింద అక్షరాలు
చెలిమెల చేపలోలె కనవడుతయి.
రోజుకు ఎన్ని పేర్లో
దాని మీదికెల్లే కొడుత.

ఆ దినం కవరు చినిగిపోయింది,
కొత్తది తేలే.

మర్రిగూడ దిక్కు నుంచి ఈదయ్య తాత వచ్చిండు,
పింఛను కాయితానికి.
మెడ తిరగది, చూడాలంటె మనిషంత తిరుగుతడు.
"గుక్కెడు మంచినీళ్ళియ్యి బిడ్డా" అన్నడు.
స్టీలు గ్లాసుల ఫిల్టరు నీళ్ళు
నిండ పోసిచ్చిన.
నిండ పోసుడే నా తప్పు.
ముడుసుకోని వేళ్ళ నడుమ గ్లాసు
జారె, బోర్ల పడె.

వైరు పీకిన.
ముందు అదే చెయ్యాలె.
తుడుసుడు తర్వాత, తిట్టుడు ఇంక తర్వాత.
బోర్లిచ్చి దులిపిన, చున్నీతోని అద్దిన,
మరమేకులిప్పి చూస్తె
లోపల రెండు పల్చటి పొరలు,
వాటి మీద ఎండి రంగు బాటలు,
బాట బాటకు తడి.
ఇప్పినదంత ఫ్యాను కింద ఆరబెట్టిన.

తాత బెంచి అంచున కూసున్నడు,
తప్పు జేసిన పిలగాని లెక్క.
"పెట్టి చూడరాదు, పనిచేస్తదేమో."
"రేపటిదాక ఆగాలె తాత.
లోపల తడుండంగ కరెంటిస్తె మాడిపోతది."

శానా సేపు దాన్నే చూసిండు.
"నీళ్ళు పడంగనె వైరు పీకినవు" అన్నడు.
"మా ఊర్ల బోరుకు నీళ్ళు పడ్డనాడు
కొబ్బరికాయ గొట్టినం. డప్పులు పెట్టినం.
పోరలమంత దాని కింద నిలవడి తానం జేసినం.
నీళ్ళు పడ్డయి, నీళ్ళు పడ్డయని
ఊరంత ఉరికినం.
పీకెటోడు ఒక్కడు లేకపాయె."

నవ్విండు.
పండ్ల మీద ఆ నీళ్ళ గారలు.
నా దగ్గర మాట లేకుండె,
మరమేకులు డబ్బిల ఏసుకుంట కూసున్న.

తెల్లారి మళ్ళొచ్చిండు, మొదటి బస్సుకే.
బిగించి చూస్తె అన్ని మీటలు పలికినయి
ఒక్క పొడుగు మీట తప్ప,
మాటకు మాటకు ఎడమిచ్చేది.
ఈదయ్యకొండయ్యకొడుకుఇంటినంబరురెండు...
మనిషి, తండ్రి, ఇల్లు
అన్నీ ఒక్కటే తాడుగ పేనుకున్నయి.
ఇట్లనే పంపితె ఆఫీసోళ్ళు తిప్పి కొడ్తరు.

పాత కాయితంలకెల్లి ఒక ఖాళీని
మౌసుతోని ఎత్తుకొచ్చి
తాత పేరెనక పెట్టిన.
ఇంకోటి, తండ్రి పేరెనక.
ఇంకోటి.
ఎనక లైను గునుగుతున్నది.
"ఏందమ్మా, ఏరుతున్నవా బియ్యం?"

నడుమ తాత దూపన్నడు.
గ్లాసుల సగమే పోసి
బల్లకు ఆ కొసన, రెండు చేతులు అందేకాడ పెట్టిన.