పీక

హాలిఫాక్స్‌లో వాన పడుతూనే ఉంటుంది, అది వార్త కాదు.
పాత తివాచీల మిల్లు రెండో అంతస్తులో
నేను కట్టుడుపళ్ళు చేస్తాను.
ఊరందరి ఎంగిలీ అచ్చులై నా బల్ల మీదకొస్తుంది,
చీటీల మీద పేర్లతో.

ఆ మంగళవారం అచ్చు బదులు మనిషే వచ్చాడు.
కీత్ బారక్లఫ్. డెబ్బైనాలుగేళ్ళు.
ఒకప్పుడు ఉన్నికి రంగులద్దే చోట మేస్త్రీ,
ఇప్పటికీ బ్రాస్ బ్యాండ్‌లో రెండో ట్రాంబోన్.
నవ్వితే తెలిసింది,
పై పళ్ళు నాలుగూ నేను చేసినవే.

బిస్కెట్ల డబ్బాలో, గిన్నెలు తుడిచే గుడ్డలో
ఏడు మౌత్‌పీసులు.
ఒక్కొక్కటే తీసి నిలబెడుతూ
కుదరని సంబంధాల గురించి చెప్పినట్టు చెప్పాడు:
ఇది వెడల్పు. దీని అంచు కోస్తుంది.
ఇది లీడ్స్‌లో కొన్నాను, పైన బాగానే పలుకుతుంది,
కిందికి దిగితే మేక.
ఇది రేమండ్‌ది. అంత్యక్రియలయ్యాక వాళ్ళావిడ ఇచ్చింది.
దాని గుణం మాత్రం చెప్పకుండా పక్కకు జరిపాడు.

అసలుది నవంబరులో పోయింది.
యుద్ధ స్మారకం దగ్గర, చలికి వేళ్ళు కొయ్యబారి,
జారి, మురుగుకాలువ ఊచల సందులోకి.
అప్పుడు రెండు నిమిషాల మౌనం నడుస్తోంది.
టంగుమన్న చప్పుడు ఊరంతా విన్నది.
"మేయరు కూడా," అన్నాడు.

కంపెనీకి రాస్తే జవాబొచ్చింది:
ఆ నంబరు చెయ్యడం మానేసి పంతొమ్మిదేళ్ళు,
దానికి దగ్గరిది ఇదీ, ధర ఇదీ.
"దగ్గరిదట. పక్కింటివాడి చెప్పులూ
నాకు దగ్గర్లోనే ఉంటాయి."

మా భాషలో దీన్ని పీక అంటాం, చెప్పాను.
గొంతుక్కూడా అదే మాట.
కాసేపు ఆలోచించి
"అయితే నా పీక కాలవలో ఉంది" అన్నాడు,
'పీ'ని బాగా సాగదీసి.

కొలుద్దామంటే ఏముంది కొలవడానికి?
పెట్టె తెరిచాడు. నీలం మఖమల్‌లో
యాభై ఏళ్ళు ఒకటే పడుకున్న గుంట.
పల్చటి కవరు పరిచి ప్లాస్టర్ పోశాను,
బయటి ఆకారం దొరికింది.
పెదవుల మీద గుండ్రంగా, తెల్లగా, ఎప్పటికీ పోని గీత.
పళ్ళకు వాడే అచ్చుముద్దలో మూతి పెట్టి
బుర్రుమనమన్నాను, అన్నాడు,
అంచు దొరికింది.
ఇక లోపలి గిన్నె లోతు.
దాన్ని ఎవరూ ఎక్కడా దాచిపెట్టలేదు.
ఎంత ఉండేది? అంటే
"చర్చిలో చివరి ఆమెన్ పట్టేంత."
మిల్లీమీటర్లలో?
"ఆమెన్‌కి మిల్లీమీటర్లేంటి తల్లీ."

నాలుగు వారాలు, నాలుగు పీకలు.
నా దగ్గరున్నది చిగుళ్ళకు వాడే ఆక్రిలిక్,
రంగు కూడా చిగుళ్ళదే.
మొదటిది ఈల వేసింది.
రెండోదానికి కఫం.
మూడోది విరిగింది, ముక్క ఇప్పటికీ దొరకలేదు.
నాలుగోది కాస్త లావుగా పోశాను.
కింది అంతస్తు జ్బిగ్నేవ్ దాన్ని లేతుకెక్కించి
లోపల వెంట్రుకవాసి గీశాడు,
కూలి ఒక డజను గుడ్లు.

కీత్ కిటికీ దగ్గర నిలబడ్డాడు.
ఒక్క స్వరం. పొడుగ్గా.
అరల్లో ఆరబెట్టిన ఊరి పళ్ళన్నీ
సన్నగా టకటకలాడాయి.
కింద ఎవరో కారు తలుపు వెయ్యబోయి
వెయ్యకుండా ఆగారు.

దించి, తుడిచి, "సరిపోదు" అన్నాడు.
మళ్ళీ ఎత్తాడు. అట్టడుగుకి దిగి
చీకట్లో స్విచ్చు వెతికినట్టు అక్కడే తడుముకుని,
ఎక్కడో తగిలి,
"సరిపెట్టుకుంటాను."

ఈ గులాబీరంగు చూసి బ్యాండ్ పిల్లలు ఏమంటారో, అన్నాను.
"నా చిగుళ్ళు చూసి ఏమన్నారని?"

ఆరింటిని గుడ్డలో చుట్టాడు.
రేమండ్‌ది కోటు జేబులో వేసుకున్నాడు.
కొత్తదాన్ని మఖమల్ గుంటలో పెడితే
మూత పడలేదు,
నేను లావు చేశాను కదా.
నన్ను చూడకుండా
మోచేత్తో అదిమాడు,
ఇంకోసారి,
క్లిక్కుమనేదాకా.