మూడో గడి

ట్రంకురోడ్డు ఏజెంటు ఇచ్చిన రెండు కరపత్రాలు.
నోటుబుక్కులో గీత కొట్టి రెండు గడులు చేశాం.
ఒక ఓడలో పిల్లల్ని రాత్రి పదిదాకా ఉంచుకుంటారు,
చేతికి రబ్బరు పట్టీ, గోడల నిండా డైనోసార్లు.
రెండోదాంట్లో పదకొండు. పిజ్జా చెయ్యడమూ నేర్పుతారట.
"గంట ఎక్కువ" అని హైమ టిక్కు పెట్టింది.
నేనూ తలూపాను.

ఆదివారం ఇసకపల్లి ఉప్పుటేట్లో పడవ.
మనిషికి యాభై. లైఫ్ జాకెట్ ఒకటే, అదీ పెద్దది.
పోలయ్య తెడ్డు మావాడి చేతికిచ్చి
"ఎటన్నా తిప్పు అబ్బయ్యా, ఈడ్నే ఉండా" అన్నాడు.
తిప్పాడు.
మడచెట్ల వేళ్ళలో ఇరుక్కుపోయాం ముప్పావుగంట.
దోమలు. హైమ చెప్పు ఒకటి బురద పాలు.
ముగ్గురం నవ్వుతూనే తోశాం.

రాత్రి నోటుబుక్కులో
పెన్సిలుతో మూడో గడి, వంకరగా:
"ఇక్కడ అమ్మానాన్నల్ని కూడా ఉంచుకుంటారు."