ఏడో గడి

ఒంగోలు, కర్నూలు రోడ్డు,
చెప్పుల షాపు పైన అద్దె గది.
నా పని రాత్రిని ఆపి ఆపి చూడటం.
మనిషి కనిపిస్తే చుట్టూ గడి గీయటం.
గడికి నలభై పైసలు.

వల్లూరు దగ్గర స్తంభానికి కట్టిన కెమెరా.
చీకట్లో హైవేని ఎవరు ఎక్కడ దాటుతున్నారో
యంత్రానికి నేర్పాలట.
నేర్చుకున్నాక
లైటు ఎక్కడ కావాలో అదే చెబుతుందట.

పది నలభైకి పొగాకు కంపెనీ గేటు తీస్తారు.
గ్రేడింగు ఆడవాళ్ళు, ఏడుగురు,
ముక్కులకు కట్టిన గుడ్డలు ఇంకా విప్పనేలేదు,
క్యారేజీలు ఊపుకుంటూ వరసగా వస్తారు.
గేటు బల్బు దాటగానే
ముందు నడిచే అంకమ్మ సెల్లు వెలిగిస్తుంది.
యంత్రం అంటుంది: ఒక మనిషి, నమ్మకం తొంభై ఒకటి.
వెనకున్నవాళ్ళంతా దానికి
రోడ్డు పక్క చిల్లకంప.

'దాని తప్పేం లేదమ్మా,' అంటాడు షరీఫ్ సార్,
'అది చదువుకున్న బొమ్మలన్నీ వేరే ఊళ్ళవి,
తెల్ల కోట్లేసుకుని చారల మీద నడిచేవాళ్ళవి.'
మా అమ్మా ఇదే రంగు చీర ఏరి కొంటుంది,
పొగాకు మరక కనపడదని.

చీమకుర్తి రాయి లారీ ఒకటి వచ్చింది.
దాని లైట్లలో ఒక్క రెప్పపాటు
యంత్రం ఒప్పుకుంది: మనుషులే, ఆరుగురు.
లారీ పోయింది. మళ్ళీ ఒక్కరే.
అంత దగ్గరికొచ్చాక కనపడి
ఏం లాభం?

ఆరు గళ్ళు గీశాను.
ఎడమ కాలు ఈడ్చేది మార్తమ్మ, నాకు తెలుసు.
పేరు రాసే చోటు లేదు,
పాదచారి అని నొక్కాలి.

అప్పుడు వరస ఆగింది.
ఆరుగురూ వెనక్కి తిరిగి
డివైడరు వైపు చూస్తా నిలబడ్డారు.
వెలుతురు పెంచాను, బొమ్మ సాగదీశాను,
అక్కడ నలుపు తప్ప ఏమీ లేదు.
వాళ్ళు చూస్తున్న చోటే
ఆ నలుపు చుట్టూ ఏడో గడి గీశాను.

'ఈడెవరూ లేరు గదా' అని తిరిగొచ్చింది.
మళ్ళీ పంపాను.
మళ్ళీ తిరిగొచ్చింది.

వీడియో ముందుకి జరిపి చూశాను.
నలభై సెకన్ల తర్వాత
తెగిన చెప్పు చేత్తో పట్టుకుని
ఒక పిల్ల పరిగెత్తుకుంటా వచ్చి వరసలో కలిసింది.
అంకమ్మ దాన్ని తిట్టినట్టుంది.
మాట వినపడదు, చెయ్యి ఆడటం కనపడింది.

నెలాఖరున లెక్క చూసుకున్నాను.
ఆ గడికి డబ్బు వెయ్యలేదు.