పంపలేదన్న రసీదు

రువీల శుక్రవారం, ఎక్స్‌ఛేంజ్ ముంగట
నాకంటే ముందు పదకొండు మంది.
తలుపు తెరిసినప్పుడల్లా ఏసీ గాలి
కాళ్ల దాక వచ్చి మళ్ల లోపలికి పోతది.

ఇది పైసలు పంపేటోళ్ల లైను.
నేను, పంపలేదన్న కాయితం కోసం నిలవడ్డ.

జగిత్యాల కోర్టుల జడ్జమ్మ
తల ఎత్తకుంట రాసింది:
నెలకు ఐదు వేలు, మణిదీప్‌కు.
తప్పేం లేదు. కొడుకు నావాడే,
వాని చెవులు గూడ నాయే.
ఇరవై నాలుగు రియాల్లు, పద్నాలుగు నెలలు.
ఎందుకు పంపుతున్నవని కౌంటర్ల అడిగితే
కుటుంబ పోషణ అంటుంటి.
కుటుంబం పోయింది, పోషణ మిగిలింది.

జమున ఖాతాల ఆ పైసలు పడుడు చూసి
మండలాఫీసోళ్లు పింఛను ఆపిన్రు.
"మొగని పైసలొస్తున్నయి గద,
ఒంటరిదెట్లయితది?"
అంటే నేనీడ సిమెంటు మోసి
ఆడ సర్కారు నెత్తి మీది మూట దించిన.
పిల్లగాని పళ్లెంల బువ్వ గంతే ఉన్నది.

రంజాన్ నుంచి కంపెనీ జీతమియ్యలే.
క్యాంపు మెస్సుల పప్పు గూడ అప్పే.
ఆఫీసు కాయితంల మాత్రం
నేనింక పంపుతనే ఉన్న.
కాయితంల ఉన్నోడు నాకంటే మంచోడు.

పింఛను సంగతి మాకు తెల్వదన్నది కోర్టు.
కోర్టు సంగతి మాకెందుకన్నది ఆఫీసు.
రెండిటి నడుమ బస్సు కిరాయి ముప్పై రూపాయలు,
రెండిటినీ ఎరిగినామె జమున ఒక్కతే.

రెండేండ్లకు నిన్న రాత్రి ఆమె గొంతు విన్న, ఫోన్ల.
తిట్టలేదు.
"నువ్వు పంపుతలేవని ముద్రేసిన కాయితం పంపు,
సోమవారం లోపల."
తిట్టినా బాగుండు.

కంపెనీల అడిగితే మేనేజర్ నవ్విండు.
మేం జీతమియ్యలేదని
మేమే రాసిస్తమా అన్నడు.

నా వంతు వచ్చింది.
కౌంటర్ పిల్లగాడు మంచోడు, లిస్టు తీసిచ్చిండు.
పద్నాలుగు గీతలు,
ఆఖరుది రంజాన్ నెలది. దాని కింద తెల్లగ.
ఆ తెల్లగున్న కాడ ముద్రెయ్యి తమ్మీ అన్న.
"ఖాళీ మీద ఎట్లేస్త భాయ్?
పంపితే ముద్ర, పంపకుంటే ఏముంటది?"
ఎనక ఉన్నోడు జరుగు జరుగు అంటుండు.

బయట ఎండల నిలవడి
ఫోటో తీసి పంపిన.
రెండు టిక్కులు నీలిగయినయి.
చానాసేపటికి ఒక్కటే మాట వచ్చింది:
"ముద్ర?"