నీళ్ల మనుషులు

టికెట్ కొన్నవాళ్లకన్నా ముందు
దాన్ని ఎక్కింది నీళ్ల మనుషులు.
చేతుల్లేవు, మొహాల్లేవు.
నడుము దగ్గర మడతపడ్డ నీలం ప్లాస్టిక్ మొండేలు.
మెడలో పైపు పెట్టి
ఒక్కొక్కరూ డెబ్బై కిలోలయ్యేదాకా
నింపడం నా పని.

ఇరవై ఎనిమిది సీట్లు, ఇరవై ఎనిమిది మంది.
తుక్కుగూడ అవతల, ఔటర్ మీద లారీలు
ఇంకా లైట్లార్పని వేళ
ట్యాంకర్ వచ్చి గేటు దగ్గర హారన్ కొడితే
అదే మాకు తెల్లవారడం.

"నిండా పట్టు సంపూర్ణా, సగం కడుపుతో పంపకు,
తూకం తప్పితే చక్రాలు అబద్ధం చెప్తయి."
ఇఫ్తేకార్ భాయ్ రోజూ ఇదే మాట.
నేనేమో టిఫిన్ తినకుండా వచ్చినదాన్ని.

బార్లు దించి, మూడుసార్లు లాగి చూసి
బొటనవేలు ఎత్తేదాన్ని.
గొలుసు వాళ్లని అందుకునేది, టక టక టక,
ఎవరో ఆకాశానికి అంచు కుడుతున్నట్టు.
కొసన ఒక్క క్షణం మిషన్ ఆగేది.
ఆ క్షణంలోనే నాకెప్పుడూ
ఇంట్లో గ్యాస్ కట్టేశానా లేదా అని అనుమానం.

తర్వాత ఉక్కు నోరు తెరిచేది.
ఎన్ని వేల ఏళ్లుగానో
ఒకదాని భుజం మీద ఒకటి కూర్చున్న గుండ్లు
కొంచెం సర్దుకున్నట్టుండేవి.
ఎవరూ అరిచేవాళ్లు కాదు.
అంత వేగంలో అంత నిశ్శబ్దం
నేనింకెక్కడా చూళ్లేదు.

పదకొండో సీటతను మెడ దగ్గర కారేవాడు.
పెద్ద సున్నా కొసన తలకిందులైనప్పుడు
నాలుగు చినుకులు రాలేవి.
వాచ్‌మన్ కూతురు రబియా అరచేయి చాచి
"వాన" అనేది, మే నెలలో.

ఎండకు ఉబ్బుతారట, రోజూ ఖాళీ చెయ్యాలని రూలు.
సాయంత్రం పడుకోబెట్టి మూతలు తీస్తే
దాదాపు రెండు వేల లీటర్లు మోరీలోకి.
గోడవతల క్యాంపుకి నాలుగు రోజులకో ట్యాంకర్.
ముందు భిక్షమమ్మ ఒక్కతే వచ్చింది, పసుపు బిందెతో.
"ఎట్లాగూ పారబోస్తున్నవ్ గద బిడ్డా."
మర్నాటికి బిందెలు గేటు దాటి మలుపు తిరిగాయి.
ఇఫ్తేకార్ భాయ్ ఫోన్ చూసుకుంటూ అటు తిరిగాడు.
అందులో చార్జింగ్ లేదని నాకు తెలుసు.

రెండొందల పన్నెండు అడుగుల మీంచి
తలకిందులుగా దిగిన నీళ్లతో
ఆ రాత్రి గోడవతల పప్పు ఉడికింది.
మామూలుకన్నా జాస్తి పొంగిందని
భిక్షమమ్మ ఒట్టేసి చెప్పింది.

తర్వాత రిబ్బను కత్తిరించారు.
దేశంలోకెల్లా ఎత్తయినది అని బోర్డు,
చుట్టూ సీరియల్ బల్బులు.
ఇప్పుడు నేను బార్లు దించేది నిజం తొడల మీద.
అవి వెచ్చగా ఉంటాయి, వణుకుతాయి,
"అక్కా, గట్టిగుంది కదా" అని అడుగుతాయి.
గట్టిగానే ఉంది, మూడుసార్లు లాగాను.
మోరీ మాత్రం ఎండిపోయింది.
నీళ్ల మనుషులు షెడ్డులో
ఒకరి మీద ఒకరు మడతపెట్టి ఉన్నారు.

ఎనిమిది నెలలు.
ఇంకెక్కడో పదకొండడుగులు ఎక్కువ పెట్టి
ఇంకోటి లేపుతున్నారని కబురొచ్చింది.
నిచ్చెన తెచ్చి బోర్డులో ఒక్క మాటకి సున్నం కొట్టారు.
మేనేజర్ ఆ రోజు అన్నం తినలేదు.
గోడ మీంచి భిక్షమమ్మ అడిగింది:
"అయితే మనోళ్లు ఊకుంటరా?
దానికన్న పెద్దది పెట్టరా?
మళ్ల నీళ్లు నింపుతరు గద?"

ఏమో, నాకేం తెలుసు.
ఆ రాత్రి గమ్ డబ్బా పట్టుకుని షెడ్డుకెళ్లాను,
పదకొండో అతని మెడకి అతుకేద్దామని.
దుమ్ము తుడిచాను.
అతుకెయ్యకుండానే వచ్చేశాను.