ఐదో మూతి

డబ్బా మీద ‘యూనివర్సల్’ అని రాసుంది.
పేరు గొప్ప, ఊరు దిబ్బ అనుకున్నాను.

బిష్కెక్ శివార్లలో, దొర్దోయ్ బజారులో
సరుకు కంటైనర్లే దుకాణాలు.
కింద అమ్మకం, నెత్తిన గోడౌను.
ఏడో వరసలో మడత కుర్చీ వేసుకుని ఎమిల్బెక్.
ఒకప్పుడు సైన్యంలో రేడియోలు బాగుచేసేవాడట,
ఇప్పటికీ వినేముందు తల కాస్త పక్కకి వంచుతాడు.

"కారులో లాప్‌టాప్‌కి చార్జర్ కావాలి."
"ఎన్ని వోల్టులు?"

నేను పశువుల డాక్టర్ని.
పెదవి ఎత్తి పళ్ళు చూసి గొర్రె వయసు చెబుతాను.
ఆరేళ్ళుగా ఒళ్ళో పెట్టుకున్నదాని వోల్టులు మాత్రం
ఎప్పుడూ అడగలేదు.

బోర్లించి చూశాం.
కింద అంటించిన చీటీ నా మోకాళ్ళకే అరిగిపోయింది.
పంతొమ్మిది, ఒక చుక్క,
ఆ తర్వాత తెల్లగా.

సంచీలోంచి పాత అడాప్టర్ తీశాను.
తీగని మేక నమిలింది, అంకెల్ని వదిలేసింది.
పంతొమ్మిదిన్నర వోల్టులు, తొంభై వాట్లు.
"వోల్టు చెప్పులాంటిది, కాలికి సరిపోవాలి.
వాటు కుండలో గింజలు,
కాస్త మిగిలినా పరవాలేదు, తగ్గితేనే పస్తు"
అన్నాడు ఎమిల్బెక్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఆరువందల సోమ్‌లది ఒక అరచేతిలో,
రెండువేల వందది ఇంకో అరచేతిలో పెట్టాడు.
ఏమీ చెప్పలేదు. ఎదురుచూశాడు.
ఒకటి కోడిపిల్ల. ఒకటి రాయి.
"ఆ తేలికదాంట్లో గాలి ఉంది.
గాలికి నేను గ్యారంటీ ఇవ్వను."

రాయితో పాటు పన్నెండు మూతులు వచ్చాయి.
ఒకటి వదులు, ఒకటి బిగుతు,
ఒకటి దూరి కూడా దీపం వెలగనివ్వలేదు.
ఐదోది టక్కుమంది.
నేను డబ్బులు తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి
మీటరు ముల్లులతో లోపలి ధ్రువం, బయటి ధ్రువం
రెండుసార్లు చూసి
ఐదోదానికి తెల్ల టేపు చుట్టాడు,
నేను గొర్రెపిల్ల కాలికి చుట్టినట్టే.

"ఏం కారు?"
"నీవా. నాకంటే రెండేళ్ళు చిన్నది."
"ఫ్యూజు చూసుకో. ఇంజను ఆపి మాత్రం వాడకు."
సరే అన్నాను.
సరే అనడానికి వోల్టులు అక్కర్లేదు.

కనుమ దాటి, సోన్‌కోల్ గట్టున
సతార్కుల్ గుడారం దగ్గర ఆగేసరికి పొద్దు వాలింది.
మూడువందల పన్నెండు గొర్రెలకి టీకాలు,
చెవి నంబర్లు తడిసిన కాగితం మీద.
రాత్రి కారులో కూర్చుని ఎక్కించడం మొదలుపెట్టాను.
చార్జర్ గోరువెచ్చగా ఉంది,
పచ్చ దీపం, పక్కన బుర్రలోంచి ఆవిరి.
ఇంజను గురగుర.

గుడారంలోంచి బురుల్చా తల బయటపెట్టింది.
"డాక్టరమ్మా, పసిదాన్ని ఇప్పుడే పడుకోబెట్టా."
తాళం తిప్పేశాను.
రెండువందల నలభైయ్యో గొర్రె దగ్గర
అన్నీ మరిచిపోయి లోకంతో సంధి కుదిరినట్టు రాసుకుంటూ పోయాను.

తెల్లారి లాప్‌టాప్ నిండుకుండ.
కారు తాళం తిప్పితే
ముసలి దగ్గు ఒకటి, తర్వాత అదీ లేదు.

సతార్కుల్ బోనెట్ ఎత్తి చూడలేదు, ఏమీ అడగలేదు.
రెండు గుర్రాల్ని తెచ్చాడు,
వెంట్రుకలతో పేనిన తాడు తెచ్చాడు.
గుర్రాలకి, పడవకి, బురదలో దిగిన ఆవుకి,
కిందటేడు కూలిన స్తంభానికి అదే తాడట.
దానికి మూతులు లేవు. ముడి ఉంది.

వాలు మీద మూడో గేరులో క్లచ్చి వదిలితే
నీవా ఒక్క ఉదుటున లేచింది.
గుర్రాలు బెదిరి పక్కకి జరిగాయి,
పసిది లేచి ఏడ్చింది.
బురుల్చా నావైపు చూసి నవ్విందో, తిట్టుకుందో.

దిగువకి వచ్చాక చూసుకుంటే
మూతుల డబ్బాలో పదకొండే ఉన్నాయి.
గుండె జారింది.
టేపు చుట్టినది
చార్జర్ చివరే ఉంది, రాత్రి నుంచీ,
ఎవరూ పీకలేదు.