శబ్దం తొలగించబడింది

కుతాయిసి పాత బజారు వెనక, మెట్ల కింద
ఫోన్లు బాగుచేసే గది నాది.
జనవరి మంచు బూట్లకంటించుకుని ఎతేరి వచ్చింది,
పగిలిన టాబ్లెట్టుని ఉన్ని శాలువాలో చుట్టుకుని,
జ్వరమొచ్చిన పిల్లని తెచ్చినట్టు.

"అద్దం సంగతి తర్వాత. ముందు నా సినిమా వెతుకు."

డెబ్భై నాలుగులో తీశారట.
మేయరుగారి భోజనం ముగిసేదాకా
పన్నెండు కొట్టని ఊరి గడియారం కథ.
మాటలుండవు, అంతా పాటే.
పన్నులవాడు కూడా తారస్థాయిలోనే రసీదు అడుగుతాడు.
రెండు వారాలు ఆడింది.
మూడో వారం ఎవరో పెద్దమనిషి
అందులో తన బొజ్జని గుర్తుపట్టాడు.

వెతికాను.
ఒకచోట డబ్బు కట్టమంది, కట్టాక పేరు మాత్రం చూపించింది.
ఒకచోట "మీ దేశంలో లభ్యం కాదు".
ఏ దేశంలో తీశారో ఆ దేశంలోనే!
ఒకచోట నొక్కితే పేకాట తెరుచుకుంది,
ఇంకోచోట బట్టతలకి మందు.
ఎతేరి తన పల్చటి జుట్టు సవరించుకుంది.

"ఇంతకీ నీదే వేషం?"
"వేషం లేదు. వంటమనిషికి గొంతు నాది.
ముఖం తిబిలిసీ నుంచి రైల్లో వచ్చింది,
మొదటి తరగతిలో."
పేర్ల పట్టీలో ముఖం పేరుంది.
గొంతుకి అడ్రసు లేదు.

నాలుగో రోజు దొరికింది.
ఎవరో ఇంట్లో టీవీ ముందు కూర్చుని తీసుకున్నట్టుంది:
బొమ్మ వంకర, కింద పోలిష్ అక్షరాలు,
ఓ మూల పూలకుండీ.
వంటమనిషి గరిటె ఎత్తింది. నోరు తెరిచింది.
ఏమీ లేదు.
హక్కుదారుల ఫిర్యాదుపై శబ్దం తొలగించబడింది, అని
చీమ తలకాయంత అక్షరాలు.

నాకు తెలిసిన తిట్లన్నీ అయిపోయాయి.
ఎతేరి కళ్లజోడు పెట్టుకుంది.
ఆ నోటినే చూస్తూ కూర్చుంది.
అది ఊపిరి తీసినప్పుడు
తనూ తీసింది.

శ్రుతి బాగా కిందికి జారింది.
రెండో చరణంలో కూరగాయల పద్దు మరిచిపోయి
ఇవాళ బజార్లో ఉల్లి ఎంతో, నూనె ఎంతో
అవే పెట్టి పాడేసింది. సరిపోయాయి.
మేయరు ఇంకో పళ్లెం అడిగేచోట దగ్గొచ్చింది.
తెర మీది అందగత్తె ఆగలేదు,
యాభై ఏళ్ల కిందటి నోరు, ఎందుకాగుతుంది?
ఈవిడే పరుగెత్తి అందుకుంది.
పక్కగదిలో చెప్పులు కుట్టే అంబ్రోసీ
గోడ మీద రెండు దెబ్బలు కొట్టాడు.
మూడోది కొట్టలేదు.

పాటయ్యాక కొత్త అద్దం తీయబోయాను.
"వద్దు," అంది, శాలువా దులుపుకుంటూ.
"ఆ పగులు సరిగ్గా
దాని ముఖం మీదే ఉంది."